పసిపిల్లలతో ‘బువ్వ, లాల’ అనొచ్చా, అనకూడదా?

పటమట నాన్న:
మా బాబుకి పద్నాలుగు నెలలు. మేమిద్దరం ఉద్యోగాలకి వెళ్తాం, పగలంతా వాడు మా అత్తగారి దగ్గరే ఉంటాడు. ఆవిడ ఎప్పుడూ “బువ్వ తిందువు గానీ, లాల పోసుకుందువు గానీ, జోజో” అంటారు. అన్నం, స్నానం, నిద్ర అని అసలు మాటలే వాడమంటాను నేను. ఒకే దానికి రెండు పేర్లు నేర్చుకుని, తర్వాత ఒకటి వదిలేయడం దండగ కదా? ఎల్.కె.జి. ఇంటర్వ్యూకి పనికొస్తుందని ఇంట్లో ఇంగ్లీషు కూడా మొదలుపెడదామనుకుంటున్నా. దీని మీద ఇంట్లో రోజూ టెన్షనే. మీరేమంటారు?

బ్రాడీపేట అమ్మమ్మ:
మీ అత్తగారు ఊరికే లాల పోయరు బాబూ. “చెయ్యేదీ, కాలేదీ, బొజ్జేదీ” అని అడుగుతూ పోస్తారు. నువ్వొకసారి పోసి చూడు, నీ నోట ఎన్ని మాటలొస్తాయో! మా పిల్లలంతా బువ్వ అంటూనే పెరిగారు. ఒకడు హైకోర్టులో వాదిస్తున్నాడు, అక్కడెప్పుడూ బువ్వ అన్లేదు.

బెంజిసర్కిల్ బాబాయ్:
అమ్మమ్మగారూ, మీ ముచ్చట బాగుంది కానీ లెక్కలు వేరే ఉన్నాయి. అమెరికాలో బెట్టీ హార్ట్, టాడ్ రిస్లీ అనే పరిశోధకులు 42 కుటుంబాల్ని గమనించి 1995లో పుస్తకం రాశారు. పేదింటి పిల్లలు పెద్ద చదువుల ఇళ్ళ పిల్లల కంటే నాలుగేళ్ళకే 3 కోట్ల మాటలు తక్కువ వింటారని తేల్చారు. ఎన్ని మాటలు చెవిన పడితే అంత లాభం. రోజంతా ఇంగ్లీషు రైమ్స్ పెట్టి ఉంచండి, అదే వస్తుంది.

గుంటూరు స్పీచ్ థెరపిస్ట్:
బాబాయ్ గారూ, ఆ 42 ఇళ్ళలో ప్రభుత్వ సాయం మీద బతికేవి ఆరే. నెలకో గంట రికార్డు చేసి, దాన్నే సాగదీసి కోట్లలోకి తెచ్చారు. 2018లో డగ్లస్ స్పెరీ బృందం వేరే ఊళ్ళలో చూస్తే, ఒకే స్థాయి ఇళ్ళ మధ్యే బోలెడు తేడా కనిపించింది. పైగా చుట్టూ ఉన్న బంధువుల మాటలు కూడా కలిపితే లెక్క మారిపోయింది. అమ్మమ్మలూ పిన్నులూ ఉన్న మన ఇళ్ళకి ఇది ముఖ్యం.

ఇక రైమ్స్ సంగతి. పెట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త 2003లో తొమ్మిది నెలల అమెరికా పిల్లలకి చైనా మాండరిన్ వినిపించారు. ఎదురుగా కూర్చుని ఆడించిన మనిషి దగ్గర పిల్లలు ఆ ధ్వనుల్ని పట్టుకున్నారు. అదే సరుకు టీవీలో పెడితే ఏమీ పట్టలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో రెండేళ్ళ లోపు పిల్లలకి స్క్రీన్ వద్దంది. కాబట్టి రోజంతా రైమ్స్ అంటే ఇంట్లో రోజంతా చప్పుడు, అంతే.

పటమట నాన్నగారూ, బువ్వ గురించి భయపడకండి. బ్రిటన్‌లోని ఎడిన్‌బరోలో 47 మంది పిల్లల్ని తొమ్మిదో నెల నుంచి ఇరవయ్యొకటో నెల దాకా గమనించారు. అచ్చు మన జోజోలాగా ఒకే ధ్వని రెండుసార్లు వచ్చే చిన్నపిల్లల మాటలు ఎక్కువ విన్నవాళ్ళకి పదాలు తొందరగా పెరిగాయి. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి. “లా నాన్నా, ఏం కావాలిలా” అని పెద్దవాళ్ళే నత్తిగా మాట్లాడనక్కర్లేదు. నెమ్మదిగా, సాగదీస్తూ, స్పష్టంగా మాట్లాడితే చాలు.

పటమట నాన్న:
అది ఇంగ్లీషు వినే పిల్లల మీద చేసింది కదండీ. మనకెలా వర్తిస్తుంది?

గుంటూరు స్పీచ్ థెరపిస్ట్:
బబబ, మమమ అనడం ఏ దేశపు బిడ్డయినా చేసేదే. పలకగలిగినది ముందు పలుకుతాడు. పలికినప్పుడు మీరు బదులివ్వాలి, అసలు పని అక్కడుంది. బోస్టన్‌లో నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లలు 36 మంది ఇళ్ళలో రికార్డర్లు పెట్టి, తర్వాత మెదడు స్కాన్ తీశారు. పెద్దవాళ్ళకీ పిల్లలకీ మధ్య మాట ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగిందో దాన్ని బట్టే భాషకి సంబంధించిన భాగం చురుగ్గా పనిచేసింది. మొత్తం ఎన్ని మాటలు విన్నారన్నది, ఇంటి ఆదాయం ఎంతన్నది అంత తేడా చూపలేదు. ఇంగ్లీషు కూడా మొదలుపెట్టుకోండి, రెండు భాషలు వింటే మాట ఆలస్యం కాదు. కానీ మీకు ధారాళంగా వచ్చిన భాషలోనే ఎదురు ప్రశ్నలు వేయగలరు. “సిట్, కమ్, నో” మాత్రమే వస్తే వాడికి దక్కేది ఆ మూడే.

అంగన్‌వాడీ టీచర్, కొత్తపేట:
అది ఇంగ్లీషులోనే కాదండీ. మా దగ్గరికి మూడేళ్ళకి వస్తారు. ఇంట్లో “ముట్టుకోకు, కదలకు, నోరు ముయ్యి” మాత్రమే విన్న పిల్లలు ఎవరో నాకు తొందరగానే తెలిసిపోతుంది. ఏదైనా అడిగితే తప్పు చేశామేమోనని చూస్తారు. అచ్చ తెలుగే, ఏం లాభం? పనికి పోయి అలిసొచ్చిన తల్లులు వాళ్ళు, తప్పు పట్టను. అన్నం పెట్టేటప్పుడైనా మాట్లాడమని చెప్తుంటాను.

బెంజిసర్కిల్ బాబాయ్:
ఇవన్నీ బాగానే ఉన్నాయమ్మా. రేపు స్కూల్లో మేడమ్ “వాట్ ఈజ్ యువర్ నేమ్” అని అడిగితే వీడు బువ్వ అంటాడా?

బ్రాడీపేట అమ్మమ్మ:
ఆ ఒక్క ప్రశ్నకి జవాబు వారంలో నేర్పొచ్చు. దానికోసం ఇప్పట్నుంచి అత్తగారి నోరు కట్టేయాలా?

పటమట నాన్న:
సరే, బువ్వ ఆపమని ఇక అనను. ఇంగ్లీషు మాత్రం సాయంత్రం నేను మాట్లాడతా. ఇంకొకటి, వాడు పేరు పెట్టి పిలిస్తే ఒక్కోసారి తిరగడు. దానికి కంగారు పడాలా?

గుంటూరు స్పీచ్ థెరపిస్ట్:
ఆటలో మునిగి తిరగకపోతే ఫర్వాలేదు. వెనక నుంచి పిలిచినా, చప్పుడు చేసినా తరచూ పట్టించుకోకపోతే ముందు చెవి పరీక్ష చేయించండి. “మగపిల్లలకి మాటలు ఆలస్యమేలే” అని ఎవరన్నా ఆగకండి.