కోసిన కన్నుకి అర్థం చెప్పాలా, వద్దా?

చర్చ మొదలుపెట్టినవారు:
ప్రయోగాత్మక సినిమాల గురించి ఎవరు రాసినా కన్ను కనిపిస్తే చాలు, ప్రతీక అనేస్తారు. జ్ఞానమనీ, నిఘా అనీ, కోరిక అనీ. అది తప్పని నా వాదన. 1929లో దర్శకుడు బునుయేల్, చిత్రకారుడు డాలీ కలిసి రాసిన ‘అన్ షియన్ ఆందలూ’ సినిమా చూడండి. చందమామ మీదుగా సన్నటి మబ్బు సాగుతుంది, వెంటనే మంగలికత్తి కంటిని కోస్తుంది. నిజానికి అది దూడ కన్ను. ఆ సంగతి తెలిసినా ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఆ క్షణంలో అర్థాలు గుర్తొస్తాయా? చెయ్యి కళ్లకి అడ్డం వెళ్తుంది, అంతే. హేతువుకి అందే ఏ దృశ్యాన్నీ రానివ్వకూడదని వాళ్లిద్దరూ రాసేటప్పుడే నియమం పెట్టుకున్నారు. ఇందులో ఏదీ దేనికీ ప్రతీక కాదని బునుయేల్ తర్వాత రాశాడు కూడా.

మొదటి జవాబు:
దర్శకుడు కాదన్నంత మాత్రాన కాకుండా పోదండి. ప్రతీకలు వెతకాలంటే బహుశా మనోవిశ్లేషణ ఒక్కటే దారి అని కూడా ఆయనే అన్నాడు. ఆ మబ్బూ చందమామా ఆయన కలలోంచి వచ్చినవే. సరే, అదే ఏడాది వచ్చిన సోవియట్ దర్శకుడు వెర్టోవ్ సినిమా ‘మ్యాన్ విత్ ఎ మూవీ కెమెరా’ సంగతేమిటి? లెన్సులో మనిషి కన్ను కలిసిపోయి కనిపిస్తుంది. మనిషి చూడలేనిది కెమెరా చూస్తుందని ‘సినిమా కన్ను’ పేరుతో ఆయన ఏళ్ల తరబడి వాదించాడు. అది ప్రతీక కాకపోతే ఇంకేమిటి?

చర్చ మొదలుపెట్టినవారు:
అది ప్రతీకే, ఒప్పుకుంటున్నాను. అందుకే ఆ షాట్ నాకు పోస్టర్‌లా అనిపిస్తుంది, ఒకసారి అర్థమయ్యాక పని అయిపోతుంది. అదే సినిమాలో ఎడిటర్ స్వీలోవా ఫిల్మ్ ముక్కలు పట్టుకుని చూసే చోటు మాత్రం ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

రెండో జవాబు:
ఫ్రెంచ్ దర్శకుడు క్రిస్ మార్కర్ సినిమా ‘లా జెటే’ (1962) చూస్తే మీ ఇద్దరి మాటా చాలదనిపిస్తుంది. దాదాపు అరగంటా నిశ్చల ఛాయాచిత్రాలే. ఒక్కచోట పడుకున్న స్త్రీ కళ్లు తెరిచి రెప్పలార్పుతుంది. నాకు ఊపిరి ఆగినంత పనైంది. కంటికి ఏదో అర్థం ఉండి కాదు, అప్పటిదాకా ఏదీ కదల్లేదు కాబట్టి. కన్ను బలమంతా దాని పక్కన పెట్టిన షాట్లలో ఉంది. ఆ చందమామని తీసేస్తే కత్తి అంత లోతుగా దిగేదా?

చర్చ మొదలుపెట్టినవారు:
దిగేది కాదు. మీ మాట నా వాదనని కొంచెం మార్చింది. కానీ చందమామా కన్నూ పక్కపక్కన పెడితే అది పోలిక అవుతుంది. పోలికలో రెండూ తెర మీదే ఉంటాయి. ప్రతీక అన్నప్పుడు రెండోదాన్ని వ్యాసం రాసేవాళ్లు బయటినుంచి తెస్తారు. నా పేచీ దానితోనే.