టైర్లు ఇంటి దగ్గరే మార్పించుకోవాలా, ఆటోనగర్‌కే తీసుకెళ్లాలా?

ఉక్కునగరం_టీచర్:
విశాఖలో గాజువాక, కూర్మన్నపాలెం వైపు కారు టైర్లు ఇంటికే వచ్చి మార్చే వ్యాన్లు తిరుగుతున్నాయి కదా. మా కారు టైర్లు నాలుగూ అరిగిపోయాయి. మా ఆయనకు స్టీల్‌ప్లాంటులో షిఫ్టు డ్యూటీ, నాకు స్కూలు. ఇద్దరికీ కలిసొచ్చేది ఆదివారం ఒక్కటే, ఆరోజు ఆటోనగర్‌లో చాలా షాపులు మూసే ఉంటాయి. ఫోన్ చేస్తే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే మార్చేస్తామన్నారు. మా మామయ్యగారు మాత్రం షాపులో మెషీన్ ఎక్కించి, దగ్గరుండి చేయించుకోవాల్సిందే అంటున్నారు. నాకైతే వ్యాను పిలవడమే నయం అనిపిస్తోంది. సి షిఫ్టు చేసి పొద్దున్న ఆరింటికి దిగిన మనిషిని నిద్ర మానుకుని షాపు ముందు కూర్చోమనడం న్యాయం కాదు. మీరేమంటారు?

ఆటోనగర్_టైర్లు:
అమ్మా, నాది టైర్ల షాపే, కాబట్టి నా మాటను ఆ లెక్కలోనే తీసుకోండి. టైరు ఊడదీసి కొత్తది ఎక్కించడం వ్యానులోనూ అవుతుంది, కాదనను. కానీ ఎక్కించాక బ్యాలెన్సింగ్, అంటే చక్రం బరువు చుట్టూ సమానంగా ఉండేలా సరిచేయడం, చేయాలి. వ్యానులో ఆ మెషీన్ ఉందా అని ముందే అడగండి. లేకపోతే హైవే మీద 80 దాటగానే స్టీరింగ్ వణకొచ్చు. ఇక అలైన్‌మెంటుకు, అంటే చక్రాలు సరైన దిశలో, సరైన వాలులో ఉండేలా సరిచేయడానికి, చదునైన ర్యాంపు, సెన్సర్లు కావాలి. అది సెల్లార్‌లో కుదిరే పని కాదు. పాత టైర్లు ఒక పక్కే అరిగి ఉంటే తేడా చాలావరకు అలైన్‌మెంటులోనే ఉంటుంది. అది సరిచేయకుండా కొత్తవి వేస్తే అవీ అలాగే అరుగుతాయి. ఎలాగూ షాపుకు రావాల్సిందే అయినప్పుడు ఇంటి దగ్గర ఎక్కువ డబ్బు ఇవ్వడం ఎందుకు?

రాత్రి_క్యాబ్:
అన్నా, అలైన్‌మెంట్ మాట ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోను. షాపులో జరిగేదంతా సరిగ్గా జరుగుతోందా? నట్లు ఎలా బిగిస్తున్నారో చూడండి. గాలి గన్ను పెట్టి, అది ఆగేదాకా నొక్కిపట్టి వదిలేస్తున్నారు. నాకు లంకెలపాలెం దగ్గర అర్ధరాత్రి టైరు దిగిపోతే, స్టెప్నీ వేద్దామని పానా పెట్టాను. మనిషి మొత్తం ఎక్కి నిలబడినా నట్టు కదల్లేదు. అంతకుముందు వారమే ఒక పెద్ద షాపులో బిగించిన చక్రం అది. నట్టు ఎంత బిగించాలో కారు మాన్యువల్‌లో రాసి ఉంటుంది. చాలా కార్లకు 85 నుంచి 130 న్యూటన్ మీటర్ల మధ్య. ముందు చేత్తో తిప్పి, తర్వాత ఎదురెదురుగా ఉన్న నట్లు మార్చి మార్చి బిగించి, చివర్లో టార్క్ పానాతో, అంటే బిగింపు ఎంతో కొలిచే పానాతో, చూడాలి. గన్నుతో అతిగా బిగిస్తే నట్టు ఎక్కే స్టడ్డు తెగొచ్చు, బ్రేక్ డిస్కు వంకర పోవచ్చు. నేను పిలిచిన వ్యాను కుర్రాడు టార్క్ పానా తీసి ఒక్కో నట్టూ టిక్కుమనేదాకా బిగించాడు. పని షాపులో జరిగిందా సెల్లార్‌లో జరిగిందా అన్నది కాదు, చేతిలో ఆ పానా ఉందా లేదా అన్నదే నాకు ముఖ్యం.

పరవాడ_సేఫ్టీ:
ఇల్లు సరే. కానీ వ్యానువాళ్లు చెప్పే ‘ఆఫీసు దగ్గరికే వస్తాం’ అనే మాట మన ఊళ్లో అంత తేలిక కాదు. స్టీల్‌ప్లాంటు లోపలికి గేటు పాసు లేనిదే ఏ వ్యానూ రాలేదు. మల్కాపురం రిఫైనరీ, పరవాడ ఫార్మా కంపెనీల్లో మండే ఆవిర్లుండే చోట్ల ఇంజను కంప్రెసర్, జనరేటర్ నడపడం ప్రమాదం. నిప్పురవ్వ ఒక్కటి చాలు. అక్కడ పనిచేసేవాళ్లు వ్యానును గేటు బయటికి రమ్మంటున్నారు. గేటు బయటంటే చాలాచోట్ల ట్యాంకర్లు పోయే రోడ్డే. ఒక పక్క జాకీ వేసి లేపిన కారు, కింద మట్టి, పక్కనుంచి లారీలు. ఆ పని మాత్రం చేయించకండి. నేల గట్టిగా, చదునుగా ఉండాలి, హ్యాండ్‌బ్రేక్ వేయాలి, మిగిలిన చక్రాలకు అడ్డు పెట్టాలి, జాకీ ఒక్కదాని మీద బండిని నిలపకుండా స్టాండు వేయాలి. మీ సెల్లార్‌లో ఇవన్నీ కుదిరితే నా అభ్యంతరం లేదు.

ఆటోనగర్_టైర్లు:
గన్ను సంగతి క్యాబ్ తమ్ముడు చెప్పింది నిజమే, మా వీధిలో కూడా మారాల్సిన అలవాటు అది. కానీ ఈ వ్యాను పద్ధతి లారీలకు పాకితే నాకు భయం. టైరును పట్టి ఉంచే ఇనుప రింగు విడిగా ఉండే రిమ్ముల్లో ట్యూబు టైరుకు గాలి పట్టేటప్పుడు రింగు సరిగ్గా కూర్చోకపోతే తూటాలా ఎగురుతుంది, మనిషి ప్రాణం పోతుంది. అందుకే ఇనుప బోనులో పెట్టి, దూరంగా నిలబడి గాలి పట్టాలి. హైవే పక్కన వ్యానువాడు ఆ బోను తెస్తాడా? కారు వరకైతే సరే. లారీని మాత్రం షాపుకే తేవాలి.

రాత్రి_క్యాబ్:
టైరు పగిలిన లోడు లారీ షాపుదాకా ఎలా వస్తుంది అన్నా? స్టెప్నీ కూడా పోతే ఎవరో ఒకరు అక్కడికి వెళ్లాల్సిందే కదా.

ఆటోనగర్_టైర్లు:
వెళ్లాలి. గాలి పట్టి సిద్ధంగా ఉన్న చక్రం మొత్తం తీసుకెళ్లి, పాతది విప్పి అది బిగించాలి. రోడ్డు మీద రింగు కొట్టి గాలి పట్టకూడదు. అంతే నేను చెప్పేది.

ఉక్కునగరం_టీచర్:
అందరికీ ధన్యవాదాలు. వ్యానువాళ్లకు మళ్లీ ఫోన్ చేసి బ్యాలెన్సింగ్ మెషీన్, టార్క్ పానా, స్టాండ్ల గురించి అడిగాను. మూడూ ఉన్నాయన్నారు. టైరు పక్కన ఉండే తయారీ అంకెల ఫొటో కూడా పంపమన్నాను. 2325 అని ఉంటే 2025లో 23వ వారం అని మామయ్యగారే చెప్పారు, నిల్వ సరుకు అంటగడతారేమోనని ఆయన అనుమానం. పాత టైర్లు తీసుకెళ్లి ఏం చేస్తారని అడిగితే మాత్రం సరైన జవాబు రాలేదు. ఎక్కడో కాల్చేసే పనైతే ఆ పొగ మళ్లీ మనమే పీల్చాలి. ఆ ఒక్క విషయం తేలాకే రమ్మంటాను. అలైన్‌మెంటుకు ఆటోనగరే వస్తాం.

ఆటోనగర్_టైర్లు:
రండమ్మా. ముందు ఒక 50, 100 కిలోమీటర్లు తిప్పి రండి, నట్లు కూడా ఒకసారి టార్క్ పానాతో చూసి పంపిస్తాను.