సిజేరియన్ తర్వాత వెన్నులో మార్ఫిన్: మామూలు వార్డులో ఇవ్వవచ్చా?

మత్తు వైద్యుడు, హనుమకొండ:
2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. ఇంతమందికి కడుపు కోసి, ఆ తర్వాతి నొప్పిని ఒక డైక్లోఫెనాక్ సూదికి వదిలేయడం నాకు అన్యాయంగా తోస్తోంది. ఎపిడ్యూరల్ గొట్టం (వెన్నుపాము పొర బయట పెట్టే సన్నని గొట్టం) ఉన్నవారికి అందులోంచి 2–3 మిల్లీగ్రాములు, స్పైనల్ (నేరుగా వెన్ను ద్రవంలోకి మత్తు సూది) ఇచ్చేవారికి అదే సూదిలో 100–150 మైక్రోగ్రాములు, ప్రిజర్వేటివ్ (మందు నిల్వ ఉండేందుకు కలిపే రసాయనం) లేని మార్ఫిన్ అనే గట్టి నొప్పి మందు ఇస్తే 12 నుంచి 24 గంటల దాకా నొప్పి అదుపులో ఉంటుంది. బాలింత లేచి కూర్చుని బిడ్డకు ముర్రుపాలు పట్టగలుగుతుంది. జిల్లా ఆసుపత్రులతో సహా అన్నిచోట్లా ఇవ్వాలన్నది నా వాదన.

తెనాలి వాసి:
వెన్నులో సూది పడితే జీవితాంతం నడుము నొప్పి తప్పదు. మా వదినగారు కాన్పు అయినప్పటి నుంచీ వంగలేకపోతున్నారు.

మత్తు వైద్యుడు, హనుమకొండ:
సూది దిగినచోట కొన్నాళ్లు సలుపు ఉండవచ్చు. వెన్నుపాము చుట్టూ ఉన్న పొర చిల్లుపడితే తలనొప్పి వస్తుంది, అది నిజమే. దీర్ఘకాలపు నడుము నొప్పికి ఎపిడ్యూరల్ కారణమని పరిశోధనల్లో తేలలేదు. పైగా ఆపరేషన్ కోసం ఆ సూది ఎలాగూ వేస్తారు. మార్ఫిన్ కోసం వేరే సూది ఉండదు.

తెనాలి వాసి:
అంటే మా వదినగారు అబద్ధమాడుతున్నారంటారా?

పాత సభ్యుడు:
మా అమ్మల కాలంలో ఇవేవీ లేవు.

ఇద్దరు పిల్లల తల్లి:
మీ అమ్మగారిని ఎవరైనా అడిగారా అండీ? నాకు రెండో కాన్పులో ఈ మందే ఇచ్చారు. నొప్పి నిజంగానే తెలియలేదు, కానీ ముఖమూ ముక్కూ తెల్లవార్లూ దురదే. మందు పడలేదేమోనని మా అత్తగారు భయపడిపోయారు. దురద వస్తుందని ముందుగా ఒక్కరూ చెప్పలేదు. అడిగితే ఏవిల్ ఇచ్చి పడుకోమన్నారు.

మత్తు వైద్యుడు, హనుమకొండ:
అది ఎలర్జీ కాదమ్మా, మార్ఫిన్ నాడీ వ్యవస్థ మీద చేసే పనే. అందుకే ఏవిల్‌తో నిద్ర పడుతుందే తప్ప దురద పెద్దగా తగ్గదు. నాల్‌బుఫిన్ అనే మందు కొద్దిగా ఇస్తే తగ్గుతుంది. చెప్పకపోవడం తప్పే, కానీ ఆ తప్పు మందుది కాదు.

కొత్త సభ్యురాలు:
మార్ఫిన్‌కు అలవాటు పడిపోరా?

మత్తు వైద్యుడు, హనుమకొండ:
ఒక్క మోతాదుతో పడరు.

రాత్రి డ్యూటీ సిస్టర్:
డాక్టరు గారూ, దురద దగ్గరే ఆగిపోయారు. మార్ఫిన్ నీటిలో కరిగే మందు కనుక వెన్ను ద్రవంలో నిలిచి మెల్లగా మెదడు వైపు పాకుతుంది, అదే కోవకు చెందిన, కొవ్వులో కరిగే ఫెంటనిల్‌లా రెండు మూడు గంటల్లో తేలిపోదు. ఊపిరి మందగించడమంటూ జరిగితే ఎన్నో గంటల తర్వాత, అందరూ నిద్రపోయాక జరుగుతుంది. అమెరికా మత్తు వైద్యుల సంఘం మొదటి 12 గంటలు గంటకోసారి, తర్వాతి 12 గంటలు రెండు గంటలకోసారి ఊపిరీ స్పృహా చూడమంటోంది. వార్డంతటికీ రాత్రి నేనొక్కదాన్నే ఉన్నప్పుడు ఎవరు చూడాలి?

మత్తు వైద్యుడు, హనుమకొండ:
ఈ మోతాదులో ఆ ప్రమాదం చాలా అరుదు. ఆరోగ్యవంతులైన బాలింతలకు 12 గంటల పాటు రెండు గంటలకోసారి చూస్తే చాలని అక్కడి ప్రసూతి మత్తు వైద్యుల సంఘమే 2019లో చెప్పింది. ఇలా భయపడుతూ కూర్చుంటే ఏ మందూ ఇవ్వలేము.

రాత్రి డ్యూటీ సిస్టర్:
భయం కాదండీ. మందు ఇచ్చి సాయంత్రానికి మీరు ఇంటికి వెళతారు. ఏదైనా జరిగితే విచారణలో నిలబడేది నేను. రెండు గంటలకోసారి చూడడమైనా వార్డులో మరో మనిషి ఉంటేనే కదా.

మత్తు వైద్యుడు, హనుమకొండ:
అయితే ఆడవాళ్ల నొప్పిని డ్యూటీ చార్టు నిర్ణయించాలన్నమాట!

రాత్రి డ్యూటీ సిస్టర్:
ఇప్పుడు నిర్ణయిస్తున్నది అదే. మార్ఫిన్ ఇచ్చిన సమయమూ మోతాదూ కేస్ షీటులో రాయండి, దానికి విరుగుడైన నలాక్సోన్ వార్డులోనే ఉంచండి, రాత్రికి ఇంకొక సిస్టర్‌ను వేయించండి. అప్పుడు నేనే ఇవ్వమంటాను.

ఇద్దరు పిల్లల తల్లి:
దురద సంగతి కూడా అందులో చేర్చండి, ఆపరేషన్‌కు ముందే చెప్పాలని.

మత్తు వైద్యుడు, హనుమకొండ:
మూడోది నా చేతిలో లేదు. మొదటి రెండూ చేస్తాను. ఊబకాయమూ, నిద్రలో ఊపిరి ఆగే జబ్బూ ఉన్నవారిని మినహాయించి తక్కిన వారికి ఇస్తూనే ఉంటాను.

రాత్రి డ్యూటీ సిస్టర్:
అయితే ఆ షీటు మీదే మీ ఫోన్ నంబరు కూడా రాయండి. రాత్రి రెండింటికి చేస్తే ఎత్తండి.