ఒడ్డు నుంచి డైవ్‌కి దిగేటప్పుడు కారు తాళం యాడ పెట్టాల?

తిరుచానూరు_బుడుంగు:
అన్నలారా, తిరుపతి నుంచి నలుగురం ఒకే కారులో తెల్లారక ముందే బయల్దేరి, చెన్నై దాటినాక ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) పక్కన ఒడ్డు నుంచే దిగే స్కూబా డైవ్‌కి (సిలిండర్ గాలితో సముద్రం లోపల ఈతకు) పోతాండాం. పడవ లేదు, లాకర్ లేదు, దగ్గర్లో డైవ్ షాపూ లేదు. నలుగురమూ ఒకేసారి నీళ్లలో ఉంటాం. లోతు 12 నుంచి 18 మీటర్లు, ముప్పావు గంట. కారుకేమో బటన్ నొక్కితే స్టార్టయ్యే స్మార్ట్ కీ. ఫోన్లకు అమ్మే ప్లాస్టిక్ జిప్ కవర్లో దాన్ని పెట్టి బీసీడీ (డైవింగ్‌లో తొడుక్కునే గాలి జాకెట్) జేబులో వేసుకుంటే చాలునా? బంపర్ కింద దాచిపెట్టేది మేలా? ఫోన్లు, పర్సులు, ఒకరి మెళ్లో గొలుసు కూడా ఉన్నాయి. డైవ్ అయినాక సాయంత్రానికి తిరుపతి చేరి, రాత్రికి కొండకు పోవాలని ప్లాను.

ఎమ్మార్‌పల్లి_ఫిన్స్:
జిప్ కవర్లో పెడితే తాళం గోవిందా. ఆ కవర్లు ఈత కొలను లోతుకే. 10 మీటర్లకు దిగేసరికి ఒత్తిడి రెండింతలై లోపలి గాలి సగానికి నలుగుతాది, 20 మీటర్లకు మూడో వంతే మిగుల్తాది. కవరు తాళానికి అతుక్కుపోయి, మడత పడిన చోట నీళ్లు దూరతాయి. బ్యాటరీ ఉన్న సర్క్యూట్‌కి ఉప్పునీళ్లు తగిల్తే నిమిషాల్లోనే రాగి గీతలు తినేస్తాయి. ‘ఐపీ67’ అని రాసుందని ధైర్యపడొద్దు. దానర్థం 1 మీటరు లోతులో 30 నిమిషాలని, అదీ మంచినీళ్లలో.

బంపర్ కింద స్మార్ట్ కీ పెట్టడమంటే కారు తలుపు తీసిపెట్టి పోయినట్టే. తాళం పక్కనే ఉంది కాబట్టి హ్యాండిల్ మీద బటన్ ఎవరు నొక్కినా తెరుచుకోవచ్చు, తాళం చేతికి దొరికితే ఇంజనూ స్టార్టవుతాది. అయస్కాంతం డబ్బాలు ప్లాస్టిక్ బంపర్‌కి అంటుకోనే అంటుకోవు. ఇనుముకు అంటించినా గతుకుల్లో రాలిపోతాయి. దొంగ మొదట తడిమేది కూడా టైరు పైన, బంపర్ కిందనే.

నీళ్లలోకి రావాల్సింది ఇనుప తాళం, ఎలక్ట్రానిక్ తాళం కాదు. మీ స్మార్ట్ కీ పక్కన చిన్న మీట ఉంటాది, దాన్ని నొక్కి లాగితే లోపల్నుంచి సన్నటి ఇనుప తాళం వస్తాది. మిగతా ఎలక్ట్రానిక్ ముక్కకు వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్ మూడు పొరలు సందు లేకుండా చుట్టి, స్టీలు డబ్బాలో వేసి, కారులోనే సీటు కింద పెట్టండి. డ్యాష్‌బోర్డు మీద వద్దు, ఎండకు బ్యాటరీ పాడవుతాది. ఫాయిల్ సిగ్నల్‌ని ఆపేస్తాది కాబట్టి తాళం లోపలుందని కారుకు తెలీదు. తర్వాత ఇనుప తాళంతో డ్రైవర్ డోర్ బయట్నుంచి లాక్ చేయాల. కొన్ని కార్లలో తాళం రంధ్రం హ్యాండిల్ మీది చిన్న మూత వెనక దాగుంటాది, ఆ మూత తీయడం ఇంటి దగ్గరే నేర్చుకోండి.

కొన్ని మోడళ్లలో ఇనుప తాళం తిప్పితే డ్రైవర్ డోర్ ఒక్కటే లాక్ అవుతాది. కారు దిగే ముందే సెంట్రల్ లాక్ నొక్కి, దిగినాక డిక్కీతో సహా అన్ని తలుపులూ లాగి చూడండి. అట్లనే, తిరిగొచ్చి ఇనుప తాళంతో తెరిస్తే అలారం మోగొచ్చు. కంగారు పడకుండా ఫాయిల్ విప్పి అన్‌లాక్ నొక్కితే ఆగుతాది.

ఓరింగు_సామి:
పై మాటకు ఒప్పుకుంటా. ఇనుప తాళం ఎక్కడ కట్టాలో కూడా చెప్పాల కదా. బీసీడీకి కట్టొద్దు. అద్దె బీసీడీ అయితే తిరిగిచ్చేటప్పుడు తాళం దాంతోనే పోతాది, అత్యవసరంలో బీసీడీ విప్పేయాల్సి వస్తే అప్పుడూ అంతే. మునగడానికి సీసం బరువులు పెట్టే జేబులో అసలే వద్దు, అది అత్యవసరంలో వదిలేయడానికే పెట్టిన జేబు. వెల్‌క్రో జేబు అలల్లో ఊడిపోతాది. వస్తువులు పోయేది లోతులో కాదు, అలలు విరిగే చోట లోపలికి పోయేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు. అందుకని 2 మి.మీ. నైలాన్ తాడు తాళానికి గట్టిగా కట్టి, రెండో కొస వెట్‌సూట్ (ఒంటికి అతుక్కునే రబ్బరు సూట్) లోపల నడుముకు కట్టుకోండి. మామూలు కీ రింగు అలల దెబ్బకు విప్పారిపోతాది, తాడు ముడే నయం. వచ్చినాక మంచినీళ్లతో కడిగి తుడిస్తే తుప్పు పట్టదు.

స్మార్ట్ కీని నీళ్లలోకి తీసుకుపోక తప్పదంటే డైవింగ్‌కే చేసిన గట్టి పాలీకార్బొనేట్ పెట్టె కావాల, దాని మీద కనీసం 30 మీటర్లని రాసుండాల. టిఫిన్ డబ్బా పనికిరాదు. 10 సెం.మీ. పొడవు, 7 సెం.మీ. వెడల్పు మూత మీద 18 మీటర్ల లోతులో నీళ్లు నొక్కే బరువు సుమారు 130 కిలోలు. మూత వంగి, సీలు ఎత్తుకుంటాది. మంచి పెట్టెకైనా ఓ-రింగే (మూత సందు మూసే రబ్బరు వలయం) ప్రాణం. మూసే ముందు దాన్ని తీసి, వేలితో తడిమి, ఇసుక రేణువు గానీ వెంట్రుక గానీ లేకుండా చూసి, సిలికాన్ గ్రీజు మెరుపు కనిపించేంత మాత్రమే పూయాల. ముద్దగా పూస్తే ఇసుకకు జిగురు పెట్టినట్టే. పెట్టెను ఇంట్లోనే మూసుకుని పోండి, ఒడ్డున గాలికి ఇసుక ఎగుర్తాంటాది. కారిపోయేది ఎక్కువగా తొలి రెండు మూడు మీటర్లలోనే, ఎందుకంటే అక్కడ ఓ-రింగ్‌ని గాడిలోకి నొక్కేంత ఒత్తిడి ఇంకా ఉండదు. మొదటి డైవ్‌కి ఖాళీ పెట్టెలో టిష్యూ కాగితం పెట్టి దించండి, పొడిగా వస్తేనే రెండోసారి తాళం. ఇంకోటి, 300 మి.లీ. పెట్టె మిమ్మల్ని సుమారు 300 గ్రాములు పైకి లేపుతాది. పెట్టె బరువు, లోపలి వస్తువుల బరువు పోను మిగతాది సీసంతో సరిచూసుకోండి.

పొరపాటున తాళం తడిస్తే బటన్ నొక్కకుండా వెంటనే తెరిచి బ్యాటరీ తీసేయండి. ఉప్పు పోయేదాకా డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, రెండు రోజులు ఆరబెట్టి, కొత్త బ్యాటరీ వేయండి. బియ్యం డబ్బాలో పెడితే పోయేది తేమే, ఉప్పు కాదు. బియ్యాన్ని అన్నానికి వాడుకోండి.

తిరుచానూరు_బుడుంగు:
ఫాయిల్ చుట్టి ఇప్పుడే చూసినా. రెండు పొరలకు కారు తెరుచుకుంటానే ఉంది. మూడో పొర వేసి కొసలు మడిస్తే ఆగింది. మరి ఫోన్లు, గొలుసు?

ఎమ్మార్‌పల్లి_ఫిన్స్:
ఆ కొసలే అసలు సంగతి, సందు ఉంటే సిగ్నల్ దూరతాది. ఫోన్లు డిక్కీలో పెట్టండి, కానీ ఒడ్డున కారాపినాక కాదు, అంతకు ముందే ఏదైనా పెట్రోలు బంకులో. ఒడ్డున డిక్కీ తెరిచి బ్యాగులు సర్దుతుంటే చూసేవాడికి చీటీ రాసిచ్చినట్టే. లైసెన్సు, ఆర్సీ డిజీలాకర్లో ఉంటే అసలు కాగితాలు ఇంట్లోనే ఉండనీండి. గొలుసు కూడా ఇంట్లోనే. మాస్కు పట్టీకి, గాలి పీల్చే రెగ్యులేటర్ గొట్టానికి చిక్కుకుంటాది. ఉంగరాలు అంతకన్నా సులభంగా పోతాయి, చల్లటి నీళ్లకు వేళ్లు కుంచించుకుపోయి జారిపోతాయి. పుస్తెలు తీయని వాళ్లయితే సూట్ కాలర్ లోపలికి పోనిచ్చి జిప్ పైదాకా వేయాల.

నలుగురూ ఒకేసారి దిగాలని నియమమేం లేదు. ఇద్దరిద్దరుగా పోతే ఒడ్డున సామానుకు కాపలా ఉంటాది, నీళ్లలో ఉన్నవాళ్ల బుడగలు చూసే కన్ను కూడా ఉంటాది.

పలమనేరు_గాలిబుడగ:
తాళం సంగతి సరే, రాత్రికి కొండ అన్నారు చూడండి, అది వద్దు. తిరుమల 600 మీటర్ల ఎత్తుకు పైనే ఉంది. డైవ్ తర్వాత ఒంట్లో మిగిలిన నైట్రోజన్‌కి ఘాట్ రోడ్డు ఎక్కడం విమానం ఎక్కినట్టే లెక్క, పైన గాలి ఒత్తిడి తగ్గి అది ఒంట్లో బుడగలు కట్టొచ్చు. డీకంప్రెషన్ ఆపుళ్లు (నైట్రోజన్ పోవడానికి పైకొచ్చేటప్పుడు మధ్యలో ఆగడం) లేని ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, వరసగా డైవ్‌లు చేస్తే 18 గంటలు ఆగాల. పొద్దున 9కి రెండు డైవ్‌లు మొదలుపెట్టి 12కి బయటికొస్తే, మర్నాడు పొద్దున 6 దాకా ఘాట్ ఎక్కొద్దు. మాలాంటి పలమనేరు, మదనపల్లె వైపు వాళ్లకు ఇంటికి పోవడానికీ ఇదే లెక్క, మా ఊళ్లూ ఆ ఎత్తులోనే ఉన్నాయి.

తిరుచానూరు_బుడుంగు:
ఇది తట్టనే లేదన్నా. దర్శనం ఎల్లుండికి మార్చుకుంటాం. ఇద్దరిద్దరుగానే దిగుతాం, నైలాన్ తాడు సాయంత్రం కొంటా.