అప్‌డేట్: ‘కామన్ పార్లెన్స్’ గొడవ తేలింది

పోయిన వారం ఈ ఇంగ్లిష్ ముక్క గురించి ఇక్కడ అడిగింది నేనే. ట్యాక్స్ కేసు నోట్‌లో ‘ఇన్ ద కామన్ పార్లెన్స్ లాంగ్వేజ్’ (జనం మామూలుగా అనే మాటలో అని నా ఉద్దేశం) అని రాస్తే మా సీనియర్ ఎర్ర పెన్నుతో చుట్టి వెనక్కిచ్చారు, తప్పేంటో చెప్పలేదు. జవాబులిచ్చిన అందరికీ థాంక్సండీ.

‘ద’ అక్కర్లేదట. ‘ఇన్ ద పార్లెన్స్ ఆఫ్ ట్రేడర్స్’ అని ఎవరి మాటో చెప్పేటప్పుడు మాత్రం కావాలి. ఇక పార్లెన్స్ అంటేనే మాట తీరు. ఫ్రెంచిలో ‘పార్లే’ అంటే మాట్లాడటం. పక్కన మళ్ళీ లాంగ్వేజ్ తగిలిస్తే మనం ‘నడిసెంటర్’ అన్నట్టే.

అసలు తప్పు ఇంకోటి ఉంది, అది నాకు నేనే పట్టుకున్నాను. ఆ ముక్క తర్వాత కూరగాయలు అనడానికి నేను రాసింది ‘ఎడిబుల్ వెజిటబుల్ ప్రొడ్యూస్’ అని! బజార్లో ఏ కూరలమ్మీ అలా అనదు కదా. జనం వాడే మాట వస్తేనే ఆ పదబంధానికి అర్థం.

దీనికి 1961 నాటి సుప్రీంకోర్టు తీర్పే మంచి ఉదాహరణ. తమలపాకులు కూడా కూరగాయలే, అమ్మకం పన్ను వద్దని ఒక వ్యాపారి వాదించాడు. వృక్షశాస్త్రం సంగతి పక్కన పెట్టి, కామన్ పార్లెన్స్‌లో కూరగాయలంటే పెరట్లోనో పొలంలోనో పండి, భోజనంలోకి వచ్చేవేనని కోర్టు తేల్చింది. తమలపాకు భోజనమయ్యాక కదా వచ్చేది!

నోట్ తిరగరాసి నిన్న ఇచ్చాను. ఈసారి ఎర్ర గీత ఒక్కటే, అదీ కామా కింద.