బుడుదు అంటే గుండా, తాడా?

పాతపుస్తకాలోడు (మిర్యాలగూడ): నాలుగు రోజులుగా ఒక ముక్క నాలుక మీదే తిరుగుతోంది. "బురుదు వేసి చూచి ఇరువది బారల లోతని..." పాత తెలుగు బైబిల్లో పౌలు ఓడ తుఫానులో కొట్టుకుపోయే చోటిది. బురుదా, బుడుదా? అసలు అది నీటి లోతు కొలిచే తాడు చివరి సీసపు గుండా, తాడా?

నల్లగొండ సార్: బుడుదే. అపొస్తలుల కార్యములు 27:28. "బుడుదువేసి చూచి యిరువది బారల లోతని తెలిసికొనిరి." మీ 'రు' బురదలోంచి జారినట్టుంది, అది మరీ పిచ్చి ఊహేం కాదు. గుండు అడుగున చిన్న గుంత చేసి కొవ్వు మెత్తేవాళ్లు, పైకి లాగితే ఇసుకో బురదో అంటుకుని వచ్చేది, లంగరు పట్టే నేలా కాదా అని దాన్ని చూసి చెప్పేవాళ్లు. ఈజిప్టు ఇంకా ఒక రోజు ప్రయాణం ఉండగానే గుండు వేస్తే పదకొండు బారల లోతు, పైకి బురద వస్తుందని పాతకాలపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు.

పాతపుస్తకాలోడు: అయితే బురద నుంచే బుడుదు అనొచ్చు కదా సార్?

నల్లగొండ సార్: అనకూడదు. బుడుంగున మునిగేది బుడుదు, అంటే గుండు. అయిపోయింది.

పేటపిల్ల (నారాయణపేట): అయిపోలేదు సార్. తమిళ బైబిల్లో అదే వచనంలో 'విళుదు విట్టు' అని ఉంటుంది. తమిళంలో నాలుక మడిచి పలికే ఆ ళ మనకు డ అవుతుంది, కోళి కోడి అయినట్టు, ఏళు ఏడు అయినట్టు. విళుదు విడుదై, వి కాస్తా బు అయిందని నా అనుమానం. విళుదంటే మర్రి ఊడ. వేలాడేది. కాబట్టి తాడు.

నల్లగొండ సార్: వ బ అయ్యేది కన్నడంలో అమ్మా. చెట్టు 'వేరు' వాళ్లకు 'బేరు', 'విల్లు' 'బిల్లు'. మనకు 'వేరు' మారకుండా అలాగే ఉంది.

పేటపిల్ల: మా వీధిలో సగం కన్నడమే సార్, ఆ దారినే వచ్చిందేమో!

బాయిగట్టు (నాగర్‌కర్నూల్): 'ఊడ' కూడా విళుదుకు చుట్టమేనని నా లెక్క. ఇంట్లో ఊడ పెట్టుకుని బుడుదు అప్పు తేవడం దేనికి? ఊడలంటే మా పాలమూరు పిల్లలమర్రివి చూడాలి, 2018లో చెట్టుకు సెలైన్ సీసాలు కట్టి మందెక్కించారు.

సూర్యాపేటవాసి: పిల్లలమర్రి అంటే మా పక్క ఊరన్నా, కాకతీయుల గుళ్లున్న ఊరు. కవి పిల్లలమర్రి పినవీరభద్రుడి ఇంటిపేరు అక్కడిదే అంటారు. 'వాణి నా రాణి' అన్న మొనగాడు! జైమిని భారతం సాళువ నరసింహరాయలకు అంకితమిచ్చాడు. ఆయన పద్యం నడక ముందు మీ బుడుదులెంత.

బాయిగట్టు: చెట్టు లేని పిల్లలమర్రి మాకెందుకన్నా.

పేటపిల్ల: మళ్లీ నీళ్లలోకి రండి. బార అంటే రెండు చేతులు చాచినంత, నాలుగు మూరలు, ఆరడుగులు. ఇంగ్లీషు ఫాదమ్ పుట్టుక కూడా చాచిన చేతులే. ఇంగ్లీషు ఓడల్లో ఆ తాడుకే గుర్తులు కట్టేవాళ్లు, రెండు బారల దగ్గర రెండు తోలు పేలికలు, మూడు దగ్గర మూడు, ఐదు దగ్గర తెల్లగుడ్డ, ఏడు దగ్గర ఎర్రగుడ్డ. చీకట్లో కూడా చేత్తో తడిమి లోతు చెప్పొచ్చు. పౌలు ఓడలో కొలిచిందీ అర్ధరాత్రే కదా. లెక్కంతా తాడులో ఉంటే పేరు గుండుకెలా ఇస్తారు?

నల్లగొండ సార్: క్రియ చూడమ్మా. తాడు విడుస్తారు, గుండు వేస్తారు. అక్కడ 'వేసి' అని ఉంది. తమిళంలో విట్టు అన్నారంటే వాళ్లది తాడు, మనది గుండు.

సూర్యాపేటవాసి: గాలం వేస్తాం, వల వేస్తాం, చేద వేస్తాం. వేయడానికి బరువే ఉండాలా సార్?

బాయిగట్టు: మా బాయిలో నీళ్లెంతున్నాయో చూడాలంటే నూలుతాడుకు రాయి కట్టి దింపుతాం. దానికి వేరే పేరేం లేదు, "రాయి ఇడిసి చూడు" అంటాం, అంతే.

పేటపిల్ల: రాయిని 'ఇడిసి' అన్నారు సార్. గమనించారా?

నల్లగొండ సార్: బాయి వేరు, సముద్రం వేరు.