అర సెంటు సేల్స్ ట్యాక్స్ పెరిగితే కారు లీజుకు ఏ రేటు?

కాలిఫోర్నియా బే ఏరియాలో బార్ట్, కాల్‌ట్రెయిన్, మ్యూనీ లాంటి రైలు, బస్సు సర్వీసులను నిలబెట్టడానికి 14 ఏళ్లపాటు సేల్స్ ట్యాక్స్ పెంచాలన్న ప్రతిపాదన మీద ఫ్రీమాంట్ తెలుగువాళ్లలో వాదన గట్టిగానే నడుస్తోంది. శాన్ ఫ్రాన్సిస్కోలో డాలరుకు ఒక సెంటు, ఈ ప్రతిపాదన కిందకు వచ్చే మిగతా నాలుగు కౌంటీల్లో అర సెంటు. బియ్యం, పప్పులు, కూరగాయలకు ఎలాగూ పన్ను లేదు. వేడి బిర్యానీకి ఉంది. అసలు భారం కారు దగ్గరే: 40,000 డాలర్ల బండికి అదనంగా 200. వేరే కౌంటీలో కొన్నా రిజిస్ట్రేషన్ అడ్రసు రేటే పడుతుంది. అయినా బార్ట్ రైళ్లు తగ్గిపోతే వచ్చే నష్టం ఇంతకంటే పెద్దదనే నా అభిప్రాయం.

తేలనిది లీజు సంగతి. అక్కడ పన్ను నెలనెలా కట్టే కిస్తీ మీద. రేటు పెరగకముందే సంతకం చేసిన 36 నెలల లీజుకు, మిగిలిన కిస్తీల మీద పాత రేటే ఉంటుందా? మధ్యలో రద్దు చేసుకునే షరతు కాంట్రాక్టులో ఉంటే ఆ వెసులుబాటు పోతుందా? ట్యాక్స్ పని తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.